క్యాంప్‌బెల్ వంశచిహ్నపు ఫలకం, బ్యాడ్జీ: ఏళ్ళ తరబడి వాడిన తరువాత ఒక సమీక్ష

మావారి ఇంటిపేరు క్యాంప్‌బెల్. మా పెళ్ళికి వచ్చిన కానుకల్లో, ‘మీ ఇంటిపేరు కోట్ ఆఫ్ ఆర్మ్స్’ (డాలు బొమ్మ మీద చూపే చిహ్నం) అన్న చీటీతో ఎడింబరోలోని ఒక జ్ఞాపికల దుకాణం నుంచి వచ్చిన చెక్క ఫలకం ఒకటి, క్యాంప్‌బెల్ క్రెస్ట్ (చిహ్నంలో శిరస్త్రాణం పైన నిలిపే గుర్తు) ఉన్న చిన్న ప్యూటర్ లోహపు బ్యాడ్జీ ఒకటి ఉన్నాయి. పదేళ్ళకు పైగా ఫలకం మా హాలు గోడ మీద ఉంది. బ్యాడ్జీని శుభకార్యాలకు మావారో నేనో ధరిస్తూనే ఉన్నాం. ధరలో ఫలకం బ్యాడ్జీకి ఎన్నో రెట్లు. అయినా నా ఓటు బ్యాడ్జీకే.

ముందుగా ఫలకం పనితనం గురించి చెబుతాను. చెక్క మంచిది, ఇన్నేళ్ళలో ఎక్కడా వంగలేదు, పగలలేదు. రంగే నిలవలేదు. డాలు మీద బంగారు రంగు ఉండవలసిన చోట రాగి, జింకు కలిసిన పొడితో చేసిన ‘గోల్డ్ పెయింట్’ వేశారు. అటువంటి రంగు గాలి తగిలి క్రమంగా కమిలిపోతుంది కాబట్టి, ఇప్పుడది పాతబడిన ఇత్తడి చెంబులా గోధుమరంగుకు తిరిగింది. నిజానికి ఈ చిహ్నాల శాస్త్రంలో (హెరాల్డ్రీలో) బంగారానికి బదులు పసుపుపచ్చ, వెండికి బదులు తెలుపు వాడటం పూర్తిగా సమ్మతమే. మెరుపు కోసం పోకుండా మంచి పసుపుపచ్చ ఎనామెల్ వేసి ఉంటే ఫలకం ఈనాటికీ చక్కగా ఉండేది.

గీసిన బొమ్మలో తప్పులు అంతకంటే ఎక్కువ. డాలు నడిబొడ్డు నుంచి అంచులకు ఎనిమిది ముక్కోణాలుగా చీలి, ఒకటి విడిచి ఒకటిగా బంగారు, నలుపు రంగుల్లో ఉండటం క్యాంప్‌బెల్ చిహ్నానికి మూలరూపం; అది సరిగానే ఉంది. అయితే కింద బిగించిన ఇత్తడి రేకు మీద అదే డాలును గీతలతో చెక్కినప్పుడు, నల్లని భాగాలను అడ్డగీతలతో మాత్రమే నింపారు. రంగులు లేనిచోట రంగును గీతలతో తెలిపే పద్ధతి 1638లో పెట్రా సాంక్టా అనే జెసూట్ పండితుడి గ్రంథం ద్వారా ఐరోపా అంతటా స్థిరపడింది: చుక్కలు బంగారానికి, నిలువుగీతలు ఎరుపుకు, అడ్డగీతలు నీలానికి, నిలువూ అడ్డమూ కలిసిన గళ్ళు నలుపుకు గుర్తు. ఆ లెక్కన మా ఫలకం పైన నలుపు, కింద నీలం చూపుతోంది. డాలుకు పైన ఉండే శిరస్త్రాణం, దాని మీదనుంచి చీలికలుగా వేలాడే వస్త్రం కూడా ఆ దుకాణంలో అన్ని ఇంటిపేర్లకూ ఒకే అచ్చు. మారేది డాలు, పేరు మాత్రమే. మావారు సరదాకు నా పుట్టింటి ఇంటిపేరును వారి కంప్యూటర్లో కొట్టిస్తే, నీలి డాలు మీద ఒక సింహమూ, ఏ ఊరూ ఏ ఏడూ లేని ఒక పేజీ ‘చరిత్ర’ కూడా వచ్చాయి!

వీటన్నిటికీ మించిన లోపం ఆ చీటీలోనే ఉంది. స్కాట్లండ్‌లో గానీ ఇంగ్లండ్‌లో గానీ ఇంటిపేరుకు కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉండదు. అది ఒక వ్యక్తికి చెందుతుంది, ఆయన తరువాత నియమాల ప్రకారం సంతతికి సంక్రమిస్తుంది. (పోలండ్‌లో మాత్రం ఒకే చిహ్నాన్ని వేర్వేరు ఇంటిపేర్ల కుటుంబాలు ఎన్నో పంచుకుంటాయి, అక్కడి సంప్రదాయమే వేరు.) స్కాట్లండ్‌లో దీనికి లార్డ్ లయన్ అనే చిహ్నాల అధికారి న్యాయస్థానం ఉంది, 1672 నాటి చట్టం కింద నడిచే రిజిస్టరు ఉంది, అందులో చేరని చిహ్నాన్ని సొంతం చేసుకుని వాడితే విచారించే అధికారమూ ఉంది. క్యాంప్‌బెల్‌లలోనే చూడండి: వంశనాయకుడైన ఆర్గైల్ డ్యూక్ డాలులో ఎనిమిది ముక్కోణాలతో పాటు లోర్న్ ప్రాంతపు నల్ల ఓడ ఉంటుంది, లౌడన్ శాఖవారి ముక్కోణాలు బంగారు, నలుపు కాక ఎరుపు, ఎర్మిన్ బొచ్చు (తెలుపు మీద నల్లమచ్చలు) రంగుల్లో ఉంటాయి. ఇంగ్లండ్‌లో 2011లో యువరాజు విలియంతో కేట్ మిడిల్టన్ పెళ్ళికి ముందు చిహ్నాన్ని మంజూరు చేసింది ఆమె తండ్రి మైకేల్ మిడిల్టన్‌కు. అందులోని మూడు ఓక్ కాయలు ఆయన ముగ్గురు బిడ్డలకు సంకేతం. లోకంలోని తక్కిన మిడిల్టన్‌లకు దానితో సంబంధం లేదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాల ముద్రల మీది వరాహ లాంఛనం ఆ రాజవంశానిదే గాని వేంగిలో పుట్టిన ప్రతివారిదీ కాదు. తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

బ్యాడ్జీ సంగతి ఇందుకు భిన్నం. దాని మీద డాలు లేదు. వంశనాయకుడి క్రెస్ట్ అయిన అడవిపంది తల, దాని చుట్టూ బకిలు బిగించిన పట్టీ, పట్టీ మీద ‘నె ఓబ్లివిస్కారిస్’ అన్న లాటిన్ నినాదం, అంటే ‘మరువకు’, ఇంతే. ఆ పట్టీయే దీనికి ప్రాణం. క్రెస్ట్‌ను పట్టీలో బిగించి ధరించడం అంటే ఇది నాది అనడం కాదు, నేను ఈ నాయకుడి వంశానికి చెందినవాణ్ణి అని తెలపడం. కాబట్టి ఏ రిజిస్టరులోనూ పేరు లేని మామూలు క్యాంప్‌బెల్ కూడా దీనిని ధరించవచ్చు. టోపీ బ్యాడ్జీ వెనుక నాయకుడికి మూడు, ఉపనాయకులకు రెండు, సొంత చిహ్నం నమోదైనవారికి ఒకటి చొప్పున ఈకలు ఉంటాయి. మావారికి ఈకలు లేవు.

వాడకంలో కూడా బ్యాడ్జీ నిలిచింది. ప్యూటరులో ముఖ్యభాగం తగరమే కాబట్టి తుప్పు పట్టదు, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. పంది కోరల చెక్కడం ఇంకా అరగలేదు. గద్వాల పట్టుచీర పైట మడతలను భుజం దగ్గర నిలపడానికి నేను దీనిని పెట్టుకున్నప్పుడు, చూసిన మా నాన్నగారు “మన వరాహస్వామే కదమ్మా” అన్నారు. లోపమల్లా వెనుక సూది: బాగా లావుగా ఉండి పట్టులో రంధ్రం మిగులుస్తుంది, కొక్కెం వదులై రెండుసార్లు ఊడిపడింది. స్థానిక కంసాలి చేత సన్నని స్టీలు సూది వేయించాక ఆ ఇబ్బంది తీరింది.

గోడకు ఏదైనా పెట్టుకోవాలనే కోరిక ఉన్నవారు ఇంటిపేరు ఫలకం బదులు ఈ పట్టీ క్రెస్ట్‌నే పెద్దదిగా, గోల్డ్ పెయింట్ లేకుండా చెక్కించుకోవచ్చు. సొంత డాలే కావాలంటే స్కాట్లండ్ నివాసులు లార్డ్ లయన్‌కు అర్జీ పెట్టుకోవాలి. రుసుము ఎక్కువే గాని చేతికి వచ్చేది ఆ పేరు మీదే ఉంటుంది. ఫలకానికి ఐదుకు ఒకటిన్నర, అదీ చెక్కకు. బ్యాడ్జీకి నాలుగు; సూది బాగుండి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.