పది నిమిషాల పనికి స్కోలినే
ఈసీటీకి (మానసిక జబ్బులకు మెదడుకు కొద్దిగా కరెంటు ఇచ్చే చికిత్స) మత్తిచ్చేటప్పుడు, కండరాలు సడలించడానికి నా చేయి ముందు సక్సినైల్‌కోలిన్ వైపే వెళ్తుంది. మేమంతా స్కోలిన్ అంటాం. కనురెప్పల దగ్గర మొదలైన సన్నటి అదురు కాలివేళ్ల దాకా పాకి ఆగిందంటే ఊపిరి కండరాలతో సహా ఒళ్లంతా సడలినట్టే. అంతా నిమిషంలోనే. 10 నిమిషాల్లోపు మళ్లీ సొంత ఊపిరి. మర్నాడు కొందరికి ఒళ్లునొప్పులుంటాయి.

ఇలాగే కండరాలు సడలించే అట్రాక్యూరియం అరగంట పట్టేస్తుంది, ఇంత చిన్న పనికి దండగ. రోకురోనియం అనే ఇంకో సడలింపు మందు ఇచ్చి, దాని విరుగుడు సుగమ్మడెక్స్‌తో విడిపించడం హాయే, కానీ ఆ వయల్ ఖరీదు చెప్పాలంటే నాకు నోరు రాదు.

స్కోలిన్‌తో నాకు ఒక పెద్ద భయం ఉంది. స్కోలిన్‌ను విరిచే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది ఎక్కువ. అలా మందు త్వరగా వీడని ఒకమ్మాయిని మూడు గంటలు నిద్రలోనే వెంటిలేటర్ మీద ఉంచాను, చేయి వదలకుండా. అప్పటినుంచి "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా అమ్మా?" అని అడిగాకే మందు సిరంజిలోకి లాగుతున్నాను.