నరం తాడు కొనేవాళ్లు జాగ్రత్త: బరువు కట్టి చూడకుండా విల్లుకు ఎక్కించకండి

మాది పర్లాకిమిడి. ఆదివారాల్లో మా వీధి పిల్లలకు వెదురు విల్లుతో గురి నేర్పుతుంటాను. పాత పద్ధతిలో అల్లెతాడు కడదామని గత నెల ఆన్‌లైన్‌లో పశువు నరంతో (కండను ఎముకకు కలిపే స్నాయువుతో) పేనిన తాడు తెప్పించాను. పది మీటర్లు, 900 రూపాయలు. రాగానే కొస కాల్చి చూశాను. వెంట్రుక కాలినట్టు కమురు వాసన వచ్చింది, ప్లాస్టిక్‌లా కరిగి ముద్దకట్టలేదు. అసలు నరమే అని నమ్మేశాను.

మూడో బాణానికే తాడు ఫట్‌మని తెగింది. బాణానికి పోవాల్సిన ఊపంతా విల్లు మీదికే తిరిగి పైకొస నిలువునా చీలింది. తెగిన తాడు మా మేనల్లుడి ముంజేతి మీద వాత తేల్చింది. జానెడు పైకి తగిలి ఉంటే కన్నే పోయేది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు పురి విప్పి చూస్తే సంగతి తెలిసింది. కాలి నరం పోగు మూరెడుకు మించి రాదు. పొడవు కావాలంటే పోగు అయిపోయే చోట కొత్తది కలిపి పేనాలి. ఒక పేటలో అతుకు ఉన్న చోట మిగతా పేటల్లో ఉండకూడదు. ఈ తాడులో మూడు పేటల అతుకులూ ఒకేచోట! జిగురుతో అంటించి, పైన మైనం పూసి నున్నగా చేశారు. కాల్చి చూస్తే అది నరమా కాదా అన్నదే తెలుస్తుంది, బలం తెలియదు.

అందుకే ముందు గోటితో మైనం గీకి, తాడు పొడవునా అతుకులు చూసుకోండి. తర్వాత ఒక ముక్కకు బరువు కట్టి చూడండి. లాగడానికి 12 కిలోల బలం పట్టే విల్లుకు తాడు కనీసం దానికి నాలుగింతలు ఆగాలి. అంటే దాదాపు ఒక సిమెంటు బస్తా. ముడి వేస్తే అక్కడే బలం తగ్గుతుంది కాబట్టి, పై కొసను ఒక గుండ్రటి దుంగకు, కింది కొసను బస్తా కట్టిన మరో దుంగకు నాలుగైదు చుట్లు చుట్టండి. బస్తాను నేలకు బెత్తెడు ఎత్తులోనే వేలాడదీయండి, కాళ్లు దూరంగా పెట్టండి. ఒక ముక్క ఆగిందని మిగతాదంతా గట్టిదని అనుకోవద్దు. విల్లుకు కట్టబోయే ముక్కనే, విల్లు లాగే బలానికి కనీసం రెండింతల బరువుతోనైనా, విడిగా పరీక్షించాలి. వానాకాలంలో ఇంకా జాగ్రత్త. నరం చెమ్మ పీల్చి సాగుతుంది, ఆరాక బిగుస్తుంది.

'జింక నరం' అని ఎవరైనా అమ్మజూపితే అసలు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

డబ్బు తిరిగి అడిగితే, కోసిన తాడు వాపసు తీసుకునేది లేదన్నారు. కాబట్టి కత్తెర పెట్టకముందే, తాడు మొత్తం విప్పి చూపిస్తూ వీడియో తీసి దాచుకోండి.