ప్రకాశం బజార్ మేడ మీది భాయ్ షాపు: స్లో అయిన నా ఎస్‌ఎస్‌డీ మళ్ళీ ఎలా పరుగెత్తింది

నల్లగొండలో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకి, ఎడిటింగ్ చేసేవాళ్ళకి ఈ షాపు గురించి తెలియాలని రాస్తున్నాను. మా ఇంట్లో కెమెరా మా ఆయనది, ఎడిటింగ్ నాది. రామగిరిలో రేకుల గదిలో సిస్టం పెట్టుకుని ఆరేళ్ళుగా ఇదే పని.

వైశాఖంలో నకిరేకల్ పెళ్ళి ఒకటి ఒప్పుకున్నాం. కార్డులు తెచ్చి సిస్టంలోని ఎస్‌ఎస్‌డీలోకి, అంటే ఫైళ్ళు దాచే డ్రైవులోకి ఎక్కిస్తున్నాను. మామూలుగా మా కార్డు రీడర్ సెకనుకి 90 ఎంబీ ఇస్తుంది, 64 జీబీ కార్డు పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజు ఇరవైకి పడిపోయింది. ఒక్క కార్డుకే దాదాపు గంట. పైగా ఎడిటింగ్ చేస్తుంటే రెండు మూడు సెకన్లు మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోయేది. పెళ్ళికూతురి నాన్నమ్మ అక్షింతలు వేసే షాట్ మీద అలా ఆగిపోతే నాకు గుండె ఆగినంత పనైంది. ఆ షాట్ మళ్ళీ తీయలేం కదా.

ముందు వేరే షాపుకి వెళ్ళాను. పది నిమిషాలు చూసి "ఎస్‌ఎస్‌డీ పోయింది మేడం, కొత్తది వేసుకోండి" అన్నారు. అంతకు మూడు నెలల ముందు ఇదే సమస్యకి వాళ్ళే విండోస్ ఫార్మాట్ చేసి ఇచ్చారు. వారం బాగుండి మళ్ళీ మొదలైంది. ఏం పోయిందని అడిగితే జవాబు లేదు. ఒక టెస్ట్ చేసి చూపించారు, అందులో సెకనుకి 3,000 ఎంబీ స్పీడ్ వచ్చింది. అంత స్పీడ్ ఉన్నది పోయింది ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు.

మా ఆయన దోస్తు ఒకాయన భాయ్ షాపు చెప్పాడు. క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్‌లోకి వెళ్తే మేడ మీద ఉంటుంది. బోర్డు మీద "కంప్యూటర్ సర్వీస్" అని మాత్రమే ఉంటుంది, అందరూ భాయ్ షాపనే అంటారు. మెట్లు బాగా నిటారు, సీపీయూ మోసుకుని ఎక్కడం కష్టం, మనిషిని తోడు తీసుకెళ్ళండి.

భాయ్ సీపీయూ విప్పకముందే మూడు ప్రశ్నలు అడిగాడు. "అక్కా, డ్రైవు ఎంత నిండింది? ఒక్కసారి ఎంత కాపీ చేస్తరు? బ్యాకప్ ఉన్నదా?" 931 జీబీలో 900 నిండింది, 31 మిగిలింది. బ్యాకప్ పాత పెళ్ళిళ్ళకి ఉంది, కొత్తవాటికి లేదు. "అయితే నేను ముట్టను. ముందు బ్యాకప్, తర్వాతనే ఏదైనా" అన్నాడు. నాకు కొంచెం కోపమే వచ్చింది, పదకొండు గంటలకి వెళ్ళాను, పని అర్జెంటు. కానీ ఆ మాట మీద నిలబడ్డాడు. ఆయన హార్డ్ డిస్కులు అమ్మడు, కింద వేరే కొట్లో కొనుక్కొచ్చాను. 900 జీబీ ఎక్కడానికి రెండు గంటలు పట్టింది.

ఆ లోపల డ్రైవు ఆరోగ్యం చూపించాడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. హెల్త్ 81 శాతం, ఇప్పటిదాకా రాసింది 41 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ). ఎర్రర్లు సున్నా. "ఇది పోయిన డ్రైవు కాదు అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా టెన్షన్ సగం తగ్గింది.

తర్వాత టెస్ట్. చిన్న టెస్టులు నమ్మనన్నాడు. మామూలు టెస్ట్ సాఫ్ట్‌వేర్ ఒక జీబీ ఫైలు రాసి కొలుస్తుంది, అది డ్రైవులోని వేగవంతమైన భాగంలోనే ఇమిడిపోతుంది. మొదటి షాపులో కనబడిన 3,000 అదే. భాయ్ తన యూఎస్‌బీ డ్రైవులోంచి నిజం వీడియో ఫైళ్ళే 20 జీబీ నా డ్రైవులోకి కాపీ పెట్టాడు. మొదటి 4 జీబీ సెకనుకి 850 ఎంబీ వేగంతో ఐదు సెకన్లలో దూసుకుపోయింది. అక్కడి నుంచి గ్రాఫ్ గోడ మీంచి కింద పడినట్టు పడి, 38 దగ్గర పాకింది. మొత్తం ఏడు నిమిషాలు.

దీని వెనక సంగతి ఆయన చెప్తే నాకు మిర్యాలగూడ మిల్లులు గుర్తొచ్చాయి. సీజన్‌లో వడ్ల లారీ వస్తే ముందు యార్డులో గబగబా దించేస్తారు, మరాడించడం తర్వాత నిదానంగా జరుగుతుంది. యార్డు నిండిందా, లారీలు మిల్లు ఆడే వేగం కోసం రోడ్డు మీద ఆగాల్సిందే. నాది చవక రకం క్యూఎల్‌సీ డ్రైవు. ఒక్కో సెల్‌లో (డేటా దాచే చిన్న గదిలో) నాలుగు బిట్లు, అంటే నాలుగు డేటా ముక్కలు కుక్కి దాస్తుంది. అలా రాయడం నిదానం కాబట్టి, ముందు ఖాళీ సెల్స్‌లో ఒక్కో బిట్ చొప్పున వేగంగా రాసుకుని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. అంటే ఖాళీ 300 జీబీ ఉంటే అందులో నాలుగో వంతు, ఎక్కువలో ఎక్కువ 75 జీబీ యార్డు దొరుకుతుంది. 31 ఉంటే ఎనిమిది కూడా రాదు. దీన్నే ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. కొనేటప్పుడు డబ్బా మీద ఇది రాసి ఉండదు, స్పీడ్ మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

సరే, ఇంట్లో ఒక కాపీ, కొత్త డిస్కులో ఒక కాపీ ఉన్న పాత పెళ్ళిళ్ళు 290 జీబీ డిలీట్ చేశాను. 320 ఖాళీ అయింది. ఈసారి 60 జీబీ పెట్టాడు. ఏం మారలేదు! మళ్ళీ నాలుగు జీబీకే పడిపోయింది, పూర్తవడానికి 25 నిమిషాలు. నాకు చేతులు చల్లబడ్డాయి, ఆ షాపువాళ్ళు చెప్పిందే నిజమేమో అనుకున్నాను. భాయ్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి ఒక లైను కొట్టాడు. ఎఫ్‌ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై. జవాబు 1 అని వచ్చింది.

"దొరికింది" అన్నాడు. నేను 1 అంటే ఆన్ అనుకున్నాను, కానీ పేరే డిజేబుల్ కాబట్టి 1 అంటే ఆపేసినట్టు, సున్నా ఉండాలి. మనం ఫైలు డిలీట్ చేస్తే విండోస్ ఆ కబురు డ్రైవుకి పంపాలి, దాన్ని ట్రిమ్ అంటారు. నా సిస్టంలో ఆ కబురే వెళ్ళడం లేదు. "మీరు ఇల్లు ఖాళీ చేసిండ్రు గానీ ఓనర్‌కు చెప్పలే అక్కా. ఆయన ఇంకా మీరు ఉన్నరనే అనుకుంటుండు, ఇంకొకరికి ఇస్తలేడు." ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. విండోస్ 10, 11 రెండింటిలోనూ ట్రిమ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఫార్మాట్ తర్వాత నా సిస్టంలో స్పీడ్ పెంచే బూస్టర్ సాఫ్ట్‌వేర్ ఒకటి చేరి ఉంది, దాని పనే అయి ఉండాలని భాయ్ అనుమానం. తీసేశాడు.

ట్రిమ్ ఆన్ చేసి, విండోస్‌లోనే ఉండే ఆప్టిమైజ్ డ్రైవ్స్‌కి వెళ్ళి ఆప్టిమైజ్ నొక్కాడు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ బటన్ ఖాళీ అయిన చోట్లన్నీ డ్రైవుకి ఒకేసారి చెప్పేస్తుంది. ఫైళ్ళ ముక్కల్ని ఒకచోటికి చేర్చే బయటి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద వాడొద్దన్నాడు, లాభం లేకపోగా రాతలు పెరిగి ఆయుష్షు తగ్గుతుంది. కిందికి వెళ్ళి చాయ్ తాగి వచ్చేదాకా డ్రైవుకి తీరిక ఇచ్చాడు. వచ్చాక అదే 60 జీబీ. 850 దగ్గర గీత గీసినట్టు నిలబడి, 70 సెకన్ల పైచిలుకులో అయిపోయింది. పాతిక నిమిషాల పని అది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఇంకో షాపు అయితే అక్కడ డబ్బు తీసుకుని పంపేసేది. భాయ్ వెంటనే ఇంకో 60 జీబీ పెట్టాడు. ఇరవై జీబీ దాకా బాగా పోయి, తర్వాత వందకి పడింది. "ఇది దీని గుణం, నేను మార్చలేను. మీ కార్డులు 90 ఇస్తయి కాబట్టి మీకు సరిపోతది. రెండు రీడర్లు ఒక్కసారి పెడితే మాత్రం మళ్ళ కష్టం" అన్నాడు. నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది ఈ రెండో టెస్ట్ వల్లనే. బాగు చేసిందే కాక, బాగు కానిది ఏమిటో కూడా కళ్ళతో చూపించాడు.

అదే టెస్టులో వేడి 81 డిగ్రీలు చూపించింది. మే నెల నల్లగొండ ఎండ, మా రేకుల గది సంగతి ఒప్పుకుంటాను, కానీ ఈయన షాపులో కూలర్ ఉంది. సీపీయూ పక్క తలుపు తీసి, డ్రైవు మీది అల్యూమినియం పట్టీ స్క్రూ విప్పి, నా చేతికిచ్చాడు. పట్టీ అడుగున మెత్తటి బూడిద రంగు ప్యాడ్, దాని మీద పల్చటి నీలం ప్లాస్టిక్ కాగితం. కొత్తప్పుడు బిగించినవాళ్ళు దాన్ని ఒలవలేదు. మూడేళ్ళుగా వేడి ఆ కాగితం దాటి పట్టీకి చేరడం లేదు. వేడి హద్దు దాటితే డ్రైవు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నన్నే ఒలవమన్నాడు. గోటితో ఒక మూల లేపితే చర్రుమని ఊడి వచ్చింది. మళ్ళీ బిగించి టెస్ట్ పెడితే 62 దాటలేదు.

ఇక ఫర్మ్‌వేర్. నేను వీడియోలు చూసి వెళ్ళాను కాబట్టి పొద్దున్నుంచి అదే అడుగుతున్నాను, అప్‌డేట్ చేస్తే పోతుంది కదా అని. భాయ్ దాన్ని ఆఖరికి పెట్టాడు. ఫర్మ్‌వేర్ అంటే డ్రైవు లోపలి కంట్రోలర్‌ని నడిపే ప్రోగ్రాం. విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అది మారదు. కొత్త వెర్షన్‌తో పాటు కంపెనీ ఏం సరిచేసిందో ఒక నోట్ ఇస్తుంది, ముందు అది చదవాలి. నా డ్రైవు నోట్‌లో స్పీడ్ గురించి ఒక్క ముక్క లేదు. పవర్ సేవింగ్ నుంచి లేచేటప్పుడు డ్రైవు కాసేపు స్పందించకపోవడం సరిచేశామని ఉంది. "మీ మౌస్ బిగుసుకునుడు ఇదే కావచ్చు" అన్నాడు.

ఫర్మ్‌వేర్‌ని తేలిగ్గా తీసుకోవద్దని కొన్ని పాత కేసులు చెప్పాడు. క్రూషియల్ ఎం4 డ్రైవులు 5,184 గంటలు నడిచాక గంటకోసారి కనబడకుండా పోయేవి, 2012 జనవరిలో ఫర్మ్‌వేర్‌తోనే కంపెనీ సరిచేసింది. శామ్‌సంగ్ 840 ఈవోలో పాత ఫైళ్ళు చదవడం నెమ్మదించేది, 2014 అక్టోబర్‌లో ఒకసారి, 2015 ఏప్రిల్‌లో మరోసారి ఫర్మ్‌వేర్ ఇచ్చారు. హెచ్‌పీఈ (హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్) కంపెనీ సర్వర్ డ్రైవులు కొన్ని 32,768 గంటలకి, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకి, డేటాతో సహా పోతాయని 2019 నవంబర్‌లో కంపెనీయే ప్రకటించి అప్‌డేట్ ఇచ్చింది. ఆ మాట విన్నాక నా డ్రైవు ఎన్ని గంటలు నడిచిందో మొదటిసారి చూసుకున్నాను.

నాలుగింటికి కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ నిండేదాకా ఫర్మ్‌వేర్ మొదలుపెట్టనన్నాడు, ముప్పావు గంట ఆగాం. మధ్యలో కరెంటు పోతే డ్రైవు మళ్ళీ లేవకపోవచ్చు. కంపెనీ సొంత సైటు నుంచి వాళ్ళ టూలే దించాడు, పాత వెర్షన్ నంబరు చీటీ మీద రాసుకున్నాడు. అప్‌డేట్ నిమిషంలోపే అయింది. రీస్టార్ట్ సరిపోదని పూర్తిగా ఆపి, ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి, కొత్త నంబరు వచ్చిందని చూపించాడు. స్పీడ్ అంకెల్లో ఒక్కటీ మారలేదు. కానీ మౌస్ బిగుసుకోవడం ఆ రోజుతో పోయింది. మూడు వారాలైంది, దేవరకొండ పెళ్ళి ఒకటి మొత్తం ఎడిట్ చేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

తీసుకున్నది 600 రూపాయలు. ఆరింటికి బయటపడ్డాను.

బాగోలేనివి కూడా చెప్పాలి. బిల్లు ఇవ్వడు, చీటీయే. ఒక్కడే కాబట్టి పని మీద ఉంటే ఫోన్ ఎత్తడు. కూర్చోవడానికి ఒక స్టూలే ఉంది, ఆడవాళ్ళు రోజంతా ఆగాలంటే ఇబ్బంది. ఇంటికి రాడు. ఎంతసేపు పడుతుందో ముందే చెప్పి ఉంటే నేను పొద్దున్నే వెళ్ళేదాన్ని. అయినా మళ్ళీ సమస్య వస్తే ఇంకో షాపు మెట్లు ఎక్కను.

ఇప్పుడు నేను పాత పెళ్ళిళ్ళు డెలివరీ అయిన వారంలోనే హార్డ్ డిస్కుల్లోకి మార్చేస్తున్నాను, డ్రైవులో 300 జీబీ ఎప్పుడూ ఖాళీ ఉంచుతున్నాను. ఈసారి కొనేటప్పుడు మాత్రం టీఎల్‌సీ (ఒక్కో సెల్‌లో మూడు బిట్లే దాచే రకం) డ్రైవే తీసుకుంటాను. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవులు చాలావాటికి 600 టీబీ దాకా రాయొచ్చని కంపెనీలు వారంటీ ఇస్తాయి, చవక క్యూఎల్‌సీలో అది సగానికంటే తక్కువ కూడా ఉంటుంది.

వెళ్ళేవాళ్ళు డ్రైవుకి సరిపడా ఖాళీ హార్డ్ డిస్క్ ఒకటి వెంట తీసుకెళ్ళండి, రెండు గంటలు కలిసొస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూసి మూడింటికి తెరుస్తాడు.