బల్లార్‌పూర్ క్లినిక్ వారి ‘ఇంటి బీపీ’ సేవ: కాన్పు వరకు బాగుంది, లోటంతా ఆ తరువాతే

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో ఒక ప్రైవేటు ప్రసూతి క్లినిక్ వారు, బీపీ ఉన్న గర్భిణులకు యంత్రాన్ని ఇంటికిచ్చి, వారానికి రెండుసార్లు ఫోను చేసి అంకెలు రాసుకునే సేవ నడుపుతున్నారు. రాజురా తాలూకాలో ఉండే మా చెల్లెలు తన మొదటి కాన్పుకు, ఐదో నెల దాటాక బీపీ బయటపడిన నాటి నుంచి దీన్ని వాడుకుంది. కార్డు నింపే పని ఎక్కువగా నా మీదే పడింది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదు కూడా ఉంది కనుక క్లినిక్ పేరు చెప్పడం లేదు; బల్లార్‌పూర్ వాళ్ళకు చెప్పనక్కరలేదు కూడా.

డిపాజిట్ కడితే దండచేతికి కట్టే డిజిటల్ యంత్రం, రెండు సైజుల పట్టీలు, రంగుల కార్డు ఇస్తారు. యంత్రం విషయంలో వీరు చూపిన శ్రద్ధ మందుల దుకాణంలో దొరికేది కాదు. గర్భిణికి బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే స్థితిలో, అంటే ప్రీఎక్లాంప్సియాలో, రక్తనాళాల తీరు మారడం వల్ల మామూలు పెద్దవాళ్ళ మీద సరిగ్గా పనిచేసే డిజిటల్ యంత్రం కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అందుకే గర్భిణుల మీద విడిగా పరీక్షించి సరైనదని తేల్చిన రకాన్నే వాడాలి. వీరిచ్చింది అలాంటిదే, పైగా ఇచ్చేముందు తమ దగ్గరున్న పరికరంతో పోల్చి చూపించారు. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచాకే పట్టీ ఎంచారు, ఎందుకంటే పట్టీ చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. మణికట్టుకు కట్టే యంత్రం ఇంట్లో ఉందని మేమంటే, దాన్ని ఈ పనికి వాడవద్దని గట్టిగానే చెప్పారు.

కొలిచే పద్ధతిని నర్సమ్మ కూర్చోబెట్టి నేర్పింది. మూత్రానికి వెళ్ళివచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పైది 140, కిందిది 90 లోపు ఉంటే కార్డులో ఆకుపచ్చ గడి. రెండింటిలో ఏ ఒక్కటి ఆ గీత చేరినా పసుపు, అదే రోజు ఫోను చేయాలి. పైది 160 గానీ కిందిది 110 గానీ చేరితే ఎరుపు, పావుగంట ఆగి మళ్ళీ చూసినా అలాగే ఉంటే వెంటనే బయలుదేరాలి. అంకె ఎంత ఉన్నా సరే, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడి డొక్క పైభాగంలో నొప్పి, ఆయాసం ఉంటే ఆగకూడదని కార్డు వెనుక బొమ్మలతో వేశారు. ఎరుపు వస్తే వర్ధా నది దాటి తమ దగ్గరికే రమ్మని కాకుండా ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళమని రాయడం నాకు నచ్చింది. డాక్టరమ్మ దీనికి కారణంగా నాగ్‌పూర్‌లోని రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 894 మంది గర్భిణుల మీద జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధన గురించి చెప్పింది. తీవ్రమైన బీపీతో వచ్చినవారికి బీపీ తగ్గించే నోటి మాత్రలే ఇస్తే, ఆరు గంటల్లో ఇబ్బంది లేకుండా అదుపులోకి వచ్చినవారు నిఫెడిపిన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతం. ఇంజెక్షన్లు, పెద్ద ఏర్పాట్లు లేని చోట కూడా చికిత్స మొదలుపెట్టవచ్చన్నమాట. వర్ధా పొంగి రాజురా దారి మూతబడే వానాకాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది యంత్రం కాదు, ఆందోళన గురించి వారడిగే ప్రశ్నలు. గాడ్-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. గడచిన రెండు వారాల్లో ఒక్కో బాధ ఎంత తరచుగా కలిగిందో దాన్నిబట్టి సున్నా నుంచి మూడు వరకు వేసి, 21కి లెక్క కడతారు. పది, ఆపైన వస్తే డాక్టరమ్మ స్వయంగా మాట్లాడుతుంది. బీపీ ఉన్న గర్భిణుల్లో ఆందోళన ఎక్కువగా కనిపిస్తుందని చెప్పే అధ్యయనాలు చాలావరకు ఒకే సమయంలో రెండింటినీ చూసి రాసుకున్నవి గనుక, ఏది ముందు, ఏది వెనుక అన్నది వాటితో తేలదు. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. అంకె పెరిగిందని భయం, ఆ భయంతో మళ్ళీ కొలిస్తే ఇంకాస్త పెరిగిన అంకె, ఇక అర్ధరాత్రి లేచి పట్టీ కట్టుకోవడం. ఇది విని నర్సమ్మ, “పొద్దున, సాయంత్రం తప్ప మిషన్ ముట్టకు చెల్లె, బీరువాలో పెట్టి తాళం మీ అమ్మకియ్యి” అంది. మరుసటి వారానికే నిద్ర కుదుటపడింది. యంత్రం మాత్రమే అమ్మే దుకాణం ఈ మాట చెప్పదు.

అయితే ఆ పట్టికను గుడ్డిగా నమ్మకూడదు. అది వడపోతకే గానీ రోగనిర్ధారణకు కాదు. ఏదో ఘోరం జరుగుతుందన్న భయం కలుగుతోందా అన్నది అందులోని చివరి ప్రశ్న. బీపీ వల్ల ఫిట్స్ రావచ్చు జాగ్రత్త అని డాక్టరే హెచ్చరించిన గర్భిణి ఆ ప్రశ్నకు అవునంటే దాన్ని జబ్బు అనాలా, తెలివి అనాలా? నిఫెడిపిన్ మొదలుపెట్టినప్పుడు వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. ఆ మాత్రతో తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండెదడ మామూలే. దడను ఆందోళన అనుకోవచ్చు, తలనొప్పిని కార్డు మీది ప్రమాద సూచన అనుకోవచ్చు. మా చెల్లెలు ఆ రెంటి మధ్యా నలిగిపోతుంటే, వారు ఫోనులో సర్దిచెప్పి ఊరుకోకుండా పిలిపించి, బీపీ, మూత్రం చూసి, అప్పుడే అది మాత్ర వల్లేనన్నారు. ఈ ఒక్క నిర్ణయానికే నేను వారికి మంచి మార్కులు వేస్తాను. ప్రశ్నల కాగితం మరాఠీలోనే ఉంది. నర్సమ్మ తెలుగు మనిషి కావడం మా అదృష్టం గానీ, ఇంతమంది తెలుగువాళ్ళు వచ్చే క్లినిక్‌లో తెలుగు కాగితం కూడా ఉండాలి.

కరపత్రంలో ‘బీపీని ముందే పసిగడుతుంది’ అని వేసుకోవడం మాత్రం అతి. బ్రిటన్‌లో 15 ప్రసూతి కేంద్రాల్లో బంప్ పేరుతో జరిగి 2022లో వెలువడిన రెండు పరిశోధనలు దీన్నే పరీక్షించాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్న 2441 మందిలో ఇంట్లో కొలుచుకున్నవారికి బీపీ ముందుగా బయటపడలేదు. అప్పటికే బీపీ ఉన్న 850 మందిలో అదుపు మెరుగుపడలేదు. అక్కడ ఇంటివద్ద కొలవకపోయినా పరీక్షలు క్రమంగా జరుగుతాయి గనుక, మన ఊళ్ళకు దాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. అయినా రుజువు కాని మాట కరపత్రంలో ఉండకూడదు.

నా అసలు ఫిర్యాదు వేరు. కాన్పు అయి డిశ్చార్జి చేసే రోజున యంత్రం తిరిగి తీసుకుంటారు, ఫోన్లూ అంతటితో ఆగిపోతాయి. బీపీ సాధారణంగా కాన్పు తరువాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది. బాలింతకు ఫిట్స్ రావడమూ ఉంది. ఇంట్లో అందరి కళ్ళూ బిడ్డ మీదుండే ఆ వారంలో తల్లి తలనొప్పిని నిద్రలేమి కింద కొట్టిపారేయడం ఎంత సులువో చెప్పనక్కరలేదు. పైగా ఇంటి దగ్గర కొలవడానికి గట్టి రుజువు దొరికింది ఈ దశలోనే. ఆక్స్‌ఫర్డ్‌లో 220 మంది బాలింతల మీద జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, ఇంట్లో కొలుచుకుంటూ వైద్యుల సూచనతో మందులు సర్దుకున్నవారికి తొమ్మిది నెలల తరువాత కూడా కింది బీపీ, మామూలు పద్ధతిలో చూపించుకున్నవారికన్నా సగటున 5.8 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. ఆందోళన ప్రశ్నలు కూడా అప్పుడే ఎక్కువ అవసరం. మిథైల్‌డోపా వాడుతున్నవారికి దిగులు పెరగవచ్చని, కాన్పయిన రెండు రోజుల్లోపు వేరే మందుకు మార్చాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ సంగతి అడిగితే, యంత్రాలు తక్కువ, వరుసలో మరొకరున్నారు అన్నారు. అది అబద్ధం కాదు. డిపాజిట్ కూడా కోత లేకుండా తిరిగిచ్చారు. అదనంగా చెల్లిస్తామంటే ఆరు వారాలు పొడిగించే వీలుందేమో చేరేముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. కుదరదంటే, ఏడో నెలలోనే గర్భిణులకు సరిపడే రకం యంత్రం కొని, క్లినిక్ యంత్రంతో పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.