ఫ్యాక్టరీ షెడ్డు మీద, ఆఫీసు స్లాబు మీద సోలార్: ఏళ్ల తరబడి వాడాక

కొనేటప్పుడు చర్చంతా ప్యానెల్ ఏ కంపెనీది అన్న దాని మీదే నడుస్తుంది. వాడాక చూస్తే అన్నిటికంటే తక్కువ ఇబ్బంది పెట్టేవి ఆ ప్యానెళ్లే. ఏడాదికి అర శాతం అటూఇటూగా ఉత్పత్తి తగ్గుతుంది, అంతే. లాభనష్టాలు తేల్చేవి భవనం పైకప్పు, పగటి లోడు (పగలు వాడే కరెంటు).

కోల్డ్ స్టోరేజీకి సోలార్ అతికినట్టు సరిపోతుంది. ఎండ ముదిరేకొద్దీ కంప్రెసర్ల లోడు పెరుగుతుంది, ప్యానెళ్లూ అప్పుడే ఎక్కువ ఇస్తాయి. సరుకు తట్టుకునే మేరకు మధ్యాహ్నమే గదుల్ని ఒక డిగ్రీ అదనంగా చల్లబరిస్తే సాయంత్రం కరెంటు మిగులుతుంది. ఆఫీసులు, బడుల సంగతి వేరు. గ్రిడ్‌కు పంపే వీలు లేకపోతే సెలవు రోజున ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే పెట్టె) ఉత్పత్తిని తగ్గించుకుని కూర్చుంటుంది. అందుకే నెల బిల్లు చూసి కిలోవాట్లు నిర్ణయించకండి. మీటరు నుంచి 15 నిమిషాల లోడు లెక్కలు తీయించి, సెలవు రోజు మధ్యాహ్నం ఎంత వాడుతున్నారో చూడండి. ఎత్తయిన భవనాలకు స్లాబే చాలదు: నడక దారులతో కలిపి కిలోవాట్‌కు 8 నుంచి 10 చదరపు మీటర్లు పోతాయి, లిఫ్టు గది నీడ అదనం.

రేకుల షెడ్డుకు అసలు శత్రువు కారడం. స్క్రూ రేకులో ఎత్తుగా ఉన్న మడత మీదే పడాలి, నీళ్లు పారే పల్లంలో పడకూడదు. డ్రిల్లుతో మరీ బిగిస్తే రబ్బరు వాషరు పక్కకు ఉబ్బి రెండు మూడు ఎండాకాలాలకే పగులుతుంది. వదులుగా ఉన్నా కారుతుంది. నిలువు మడతల రేకైతే క్లాంపులు చాలు, ఒక్క రంధ్రమూ అక్కర్లేదు. వీలుంటే మా ఓటు దానికే. ఫ్రేములతో కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోల బరువు పడుతుంది. గాలి పైకి లాగే బలాన్నీ కలిపి ఇంజినీరుతో ట్రస్సులు (రేకుల్ని మోసే చట్రాలు) లెక్క కట్టించాలి. తుప్పు పట్టిన రేకులుంటే ముందు అవి మార్చండి, తర్వాతే ప్యానెళ్లు. వెలుతురు రేకుల్ని కప్పేయకండి. వాటి మీద ఎవరినీ నడవనివ్వకండి, విరిగి మనిషి కిందపడతాడు.

చాలామందిని బిల్లు వచ్చాకే ఉలిక్కిపడేలా చేసేది పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకునే మొత్తం కరెంటులో నిజంగా పనికొచ్చే భాగం ఎంతో చెప్పే నిష్పత్తి. ఫ్యాక్టరీ లోడు 400 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకుందాం. రియాక్టివ్ లోడు, అంటే మోటార్ల అయస్కాంత క్షేత్రానికి కావాల్సిన, నేరుగా పని చేయని భాగం, సుమారు 131 కేవీఏఆర్ (దాని కొలమానం). సోలార్ 300 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 100 కిలోవాట్లే, కానీ ఆ 131 అలాగే ఉంటుంది. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.6కు పడిపోతుంది. మోటార్లు చెడిపోయాయని వెతకడం దండగ. రియాక్టివ్ భాగాన్ని సమకూర్చే కెపాసిటర్ ప్యానెల్ సీటీని (కరెంటు కొలిచే కాయిల్) సోలార్ కలిసే చోటుకు గ్రిడ్ వైపు మార్చి, అందులో చిన్న స్టెప్పులు (చిన్న సైజు కెపాసిటర్లు) చేర్చాలి. లేదా ఇన్వర్టర్ చేతే కొంత రియాక్టివ్ ఇప్పించాలి, దానికి ఇన్వర్టర్ మొత్తం సామర్థ్యంలో (కేవీఏ) ఖాళీ ఉండాలి.

జనరేటర్‌తో కలిపి నడిపేవారు దాని మీద కనీసం 30 శాతం లోడు ఉంచే కంట్రోలర్ తప్పక పెట్టించుకోవాలి. లేకపోతే కాలని డీజిల్ పొగగొట్టంలో పేరుకుంటుంది, లోడు తగ్గినప్పుడు కరెంటు వెనక్కి తన్ని జనరేటర్ ట్రిప్ అవుతుంది.

వాన పడ్డ మర్నాడు పొద్దున వైర్ల ఇన్సులేషన్ తక్కువని చూపి ఇన్వర్టర్ ఆగిపోయి, ఎండెక్కాక తనే మొదలైతే ఊరుకోకండి. ఎండకు కేబుల్ కట్టిన ప్లాస్టిక్ టైలు (పట్టీలు) తెగి, కేబుల్ రేకు అంచుకు ఒరుసుకుని ఉంటుంది, లేదా కనెక్టర్ (కేబుళ్లను కలిపే ప్లగ్గు) నీళ్లలో పడి ఉంటుంది. ఒక్కో స్ట్రింగు (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు) విప్పి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తే దొరుకుతుంది. వేర్వేరు కంపెనీల కనెక్టర్లు ఒకదానిలో ఒకటి దూరినా కలపకండి; వేడెక్కి కాలిపోయేది అక్కడే.

కడగడం తెల్లవారుజామున, ఉప్పు తక్కువున్న నీళ్లతో. బోరునీళ్ల తెల్లచారలు ఎండిపోతే తర్వాత ఎంత రుద్దినా వదలవు. వాలు తక్కువున్న షెడ్డు మీద కింది ఫ్రేము అంచున పేరుకునే బురదను ప్రత్యేకంగా తీయించండి, ఆ సన్నటి పట్టీ కింది వరుస సెల్స్‌ను మూసేస్తుంది. నిర్మలమైన మధ్యాహ్నం ఒకే వాలు మీదున్న స్ట్రింగుల కరెంటు పోల్చి, తగ్గినదాని దగ్గర్నుంచే మొదలుపెట్టండి.