పెద్ద సంఖ్య గుట్టు విప్పే పారి/జీపీ

ఒక పెద్ద పూర్ణాంకం ప్రధాన సంఖ్యా, సమృద్ధ సంఖ్యా, హర్షద్ సంఖ్యా అని తేల్చడానికి స్ప్రెడ్‌షీట్‌ను నమ్ముకోకూడదు. ఎక్సెల్ అయితే 15 అంకెలు దాటాక మిగతావన్నీ సున్నాలు చేసేస్తుంది. ఈ పనికి సరైన సాధనం పారి/జీపీ. బోర్డో విశ్వవిద్యాలయంలో ఆన్రీ కోహెన్ బృందం మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అంకెలు ఎన్ని ఉన్నా ఒక్కటి కూడా పోదు.

1234567890 తీసుకోండి. ఫ్యాక్టర్ ఆదేశం ఇస్తే రెండు నిలువు వరుసలు వస్తాయి: ఎడమన ప్రధాన కారణాంకాలు, కుడిన వాటి ఘాతాలు. 2, 3², 5, 3607, 3803. 3 రెండుసార్లు వచ్చింది కాబట్టి ఇది వర్గరహిత సంఖ్య కాదు. న్యూమ్‌డివ్ 48 భాజకాలని చెబుతుంది. సిగ్మా వాటి మొత్తం 3211610688 అంటుంది. అందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 1977042798. అది అసలు సంఖ్య కంటే ఎక్కువ, కనుక సమృద్ధ సంఖ్య. అంకెల మొత్తం 45తో భాగిస్తే శేషం లేకుండా 27434842 వస్తుంది. అంటే భారత గణితజ్ఞుడు కాప్రేకర్ పేరు పెట్టిన హర్షద్ సంఖ్య కూడా. ఈ పేర్లేవీ పారి తనంతట చెప్పదు, షరతు మనమే రాసుకోవాలి. అయినా ఒక్క వరుస కోడే కదా.

చాలామంది పొరబడేది ఇక్కడ: సిగ్మా, న్యూమ్‌డివ్, ఆయిలర్‌ఫై (సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలను లెక్కించేది) మూడింటికీ సంఖ్యనే ఇస్తే ప్రతిసారీ కారణాంకాల వేట మళ్లీ మొదలవుతుంది. 60 అంకెల సంఖ్యకు అది వృథా శ్రమ. ఫ్యాక్టర్ ఫలితాన్ని ఒక పేరుతో దాచి, ఆ రెండు నిలువు వరుసల మాత్రికనే మూడింటికీ ఇవ్వండి.

ఇంకోటి, 10 ఘాతం 20 కావాలంటే 10^20 అని రాయాలి. 1e20 అని రాస్తే అది దశాంశ వాస్తవ సంఖ్య అయిపోతుంది, భాజకాల ఆదేశాలు పూర్ణాంకం కాదంటూ ఆగిపోతాయి.

ఫ్యాక్టర్ చూపే పెద్ద కారణాంకాలు మామూలుగా నిరూపించినవి కావు, బీపీఎస్‌డబ్ల్యూ అనే వేగవంతమైన ప్రధానత్వ పరీక్ష నెగ్గినవి మాత్రమే. 2^64 లోపు ఆ పరీక్ష ఎక్కడా పొరబడదని సరిచూశారు. ఆపైన అది పొరబడిన సంఖ్య ఇంతవరకు దొరకలేదు, కానీ దొరకదనే నిరూపణ లేదు. ఖాయంగా కావాలంటే ఫ్యాక్టర్_ప్రూవెన్ అనే సెట్టింగ్‌ను 1 చేయండి, లేదా ఒక్కో కారణాంకాన్నీ ఈజ్‌ప్రైమ్ ఆదేశంతో పరీక్షించండి. ఇది మొదటి నుంచే అమల్లో ఉంటే బాగుండేది.

1903లో అమెరికన్ గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ విడగొట్టి చూపిన 2^67−1 ఇక్కడ రెప్పపాటు పని: 193707721 × 761838257287. అదే, దాదాపు అన్నే అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం 100 అంకెలు దాటిందంటే పారితో కుస్తీ పట్టకండి, పెద్ద సంఖ్యలను విడగొట్టే కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించండి. లక్షల అంకెల సంఖ్యలతో స్టాక్ ఓవర్‌ఫ్లో (మెమరీ చాలలేదనే దోషం) వస్తే, మెమరీ గరిష్ఠ పరిమితి అయిన పారిసైజ్‌మ్యాక్స్ పెంచండి. వరుస చివర సెమీకోలన్ మరిచిపోవద్దు, లేకపోతే ఆ అంకెలన్నీ తెర మీద కుమ్మరిస్తుంది.