పాత థార్‌కి వెనక లాకర్: బురదలో బలం, గట్టు మీద టెన్షన్

కైకలూరు చుట్టుపక్కల చెరువులున్నవాళ్లకి వానాకాలం రాత్రి కరెంటు పోవడమంటే ఏమిటో తెలుసు. ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే మిషన్లు) ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పెట్టుబడంతా చచ్చి కనిపిస్తుంది. జనరేటర్‌కి డీజిల్ క్యాన్లు వేసుకుని ఆ చీకట్లో, ఆ జిగట మట్టిలో గట్ల మీదుగా వెళ్లగలిగే బండి కావాలి. నా దగ్గరున్నది 2013 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, అంటే డీజిల్ జీపు. దాని వెనక ఇరుసులో మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలనీ ఒకటిగా బిగించే లాకర్ వేయించి వానాకాలమంతా తిప్పాను. అది ఎలా ఉందో చెబుతాను.

"ఫోర్ బై ఫోర్ ఉండగా మళ్లీ ఇదెందుకండీ?" అని అందరూ అడుగుతారు. ఫోర్ బై ఫోర్ లివర్ వేస్తే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ బలం వెళ్తుంది, అంతవరకే. ఒక్కో ఇరుసులో రెండు చక్రాల మధ్య పంపకం చేసేది డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే ఇస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. గాల్లోకి లేచిన చక్రం తిరగడానికి ఎంత కొంచెం బలం సరిపోతుందో, నేల మీదున్న చక్రానికీ అంతే దక్కుతుంది. థార్ వెనక లీఫ్ స్ప్రింగులు గట్టివి. బోదె కాలువని ఏటవాలుగా దాటుతుంటే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలిపోతాయి. ఆ రెండూ గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. ఇక ట్రాక్టర్‌ని పిలవాల్సిందే. అర్ధరాత్రి నిద్రలేచొచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ నవ్వు గురించి ఇక్కడ రాయను.

ఆ ట్రాక్టర్‌లో డిఫ్ లాక్ ఎప్పటినుంచో ఉంది. దమ్ములో ఒక చక్రం దిగబడితే పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. జీపుకి కావాల్సిందీ అదే. కాకపోతే లాక్ వేసేది మనమా, అదే వేసుకుంటుందా అన్న దగ్గర రకాలు మారతాయి. ఫోర్స్ గుర్ఖాలో ముందూ వెనకా లాక్‌లు కంపెనీ నుంచే వస్తాయి, డ్రైవరే చేత్తో వేసుకోవాలి. ఆస్ట్రేలియా వాళ్ల ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ అయితే చిన్న కంప్రెసర్, సన్నటి గాలి పైపు, డాష్‌బోర్డు మీద స్విచ్. నొక్కితే లాక్, మళ్లీ నొక్కితే మామూలు. నా మనసు దాని మీదే ఉండేది. కానీ ఖర్చు లెక్కేస్తే, నా పాత బండికి అంత పెట్టబుద్ధి కాలేదు.

చివరికి వేయించింది ఈటన్ కంపెనీ రకం ఆటోమేటిక్ లాకర్, అంటే తనంతట తనే లాక్ వేసుకునేది. 2015లో థార్‌ని మార్చినప్పుడు మహీంద్రా వెనక ఇరుసుకి తెచ్చిన పద్ధతే ఇది. లోపల చిన్న గవర్నర్ బరువులుంటాయి. ఒక చక్రం రెండోదానికన్నా నిమిషానికి దాదాపు 100 చుట్లు ఎక్కువ తిరిగితే ఆ బరువులు విచ్చుకుని ఒక కొక్కేనికి తగులుతాయి. దాంతో క్యామ్ జరిగి క్లచ్ ప్లేట్లని నొక్కేస్తుంది, రెండు చక్రాలూ ఒకటైపోతాయి. బండి వేగం సుమారు 30 కిలోమీటర్లు దాటాక ఆ కొక్కెం తప్పుకుంటుంది కాబట్టి రోడ్డు మీద పరుగులో లాక్ పడదు. స్విచ్ లేదు, వైరు లేదు.

బిగింపు విజయవాడ ఆటోనగర్‌లో. షాపు పేరు రాయను. పని శుభ్రంగా చేశారు గానీ "సాయంత్రానికి ఇచ్చేస్తామండీ" అన్న మాట నమ్మినందుకు గుడివాడ బస్సెక్కి ఇంటికి రావాల్సి వచ్చింది. పాత డిఫ్ దించి, క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం) విప్పి కొత్త కేసుకి బిగిస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. క్రౌన్ పళ్లకీ, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్ పళ్లకీ మధ్య ఉండాల్సిన సందుని, అంటే బ్యాక్‌లాష్‌ని, షిమ్‌లు (పల్చటి రేకులు) మార్చి మార్చి డయల్ గేజ్‌తో కొలవాలి. తర్వాత పళ్లకి రంగు పేస్ట్ పూసి తిప్పితే ఎక్కడ ఒరుసుకుంటున్నాయో అచ్చు పడుతుంది. అది పన్ను అంచున కాకుండా నడిమికి పడాలి. మొదట వెళ్లిన ఒకచోట "గేజ్ ఎందుకండీ, చేత్తో ఊపితే తెలిసిపోద్ది, ముప్పై ఏళ్ల చెయ్యి ఇది" అన్నారు. ఆ చేతికో దండం పెట్టి పక్క వీధికి వెళ్లాను. సందు తేడా వస్తే ముందు హౌసింగ్ (ఇరుసు డబ్బా) ఊళపెడుతుంది, ఆ తర్వాత పళ్లు పోతాయి. కొనేముందు యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లు (కొసన ఉండే గాడులు) లెక్కపెట్టించండి. "అన్ని బళ్లకీ ఒకటేనండీ" అనే మాట సామాన్ల షాపుల్లో చాలా చవగ్గా దొరుకుతుంది. బేరింగులు, సీళ్లు కొత్తవే వేయించుకుని, కూలీతో కలిపి నాకు 40 వేల లోపు అయింది.

ఇక నడపడం. బోదె దగ్గర చక్రం లేచి తిరగ్గానే మనకి అలవాటు కొద్దీ కాలు యాక్సిలరేటర్ మీంచి లేచిపోతుంది. అలా తీస్తే ఈ లాకర్ ఎప్పటికీ పని చెయ్యదు. 'ఫోర్ లో'లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ బై ఫోర్) పెట్టి, రెండో గేర్లో, కాలు నెమ్మదిగా పెంచుతూ చక్రాన్ని కాస్త తిరగనివ్వాలి. కింద 'టక్' మని ఒక దెబ్బ వినిపిస్తుంది. కొత్తలో ఏదో విరిగిందనిపిస్తుంది, విరగలేదు. అప్పుడు కాలు అలాగే పట్టి ఉంచితే బండి పాకుతూ ఎక్కేస్తుంది. కాలు తీస్తే లాక్ వదిలేస్తుంది, మళ్లీ మొదటికి. ఇంతకుముందు తాడు కట్టించుకున్న తూము దగ్గరే, వెనక మేత బస్తాలతో ఎవరినీ పిలవకుండా దాటాను. ఈ ఒక్క పనికి మాత్రం పెట్టిన డబ్బు వచ్చినట్టే.

ఇప్పుడు గట్టు సంగతి. ఇది అమ్మేవాళ్లెవరూ చెప్పరు. చెరువు గట్టు నడుమ ఉబ్బెత్తుగా ఉండి రెండు పక్కలకీ వాలుతుంది. మామూలు డిఫ్‌తో అక్కడ ఒక వెనక చక్రం జారి తిరుగుతుంటే రెండోది ఊరికే నిలబడి తోకని పట్టి ఉంచుతుంది. బండి ముందుకి వెళ్లదు గానీ పక్కకీ వెళ్లదు. లాక్ పడితే రెండూ ఒకేసారి జారతాయి. తోకని పట్టేది ఇంకేదీ ఉండదు, వాలు ఎటుంటే బండి వెనక భాగం అటు దిగుతుంది. మా దగ్గర ఎటు వాలినా చెరువే! పైగా ఈ రకం సరిగ్గా చక్రం జారిన క్షణంలోనే లాక్ అవుతుంది, వద్దని చెప్పడానికి స్విచ్ లేదు. మొదటి వానకే తోక జరిగినప్పుడు ఆ స్విచ్ ఖరీదు ఎందుకంతో అర్థమైంది.

అందుకే తడి గట్టు మీద నేను 'ఫోర్ లో' వాడను. 'ఫోర్ హై'లో (మామూలు వేగాల ఫోర్ బై ఫోర్) రెండో గేర్ వేసి, చక్రం జారనంత తక్కువ యాక్సిలరేటర్‌తో, ఆగకుండా వెళ్తాను. తోక జరుగుతోందనిపిస్తే కాలు తీసేస్తే చాలు, లాక్ వదిలి బండి కుదురుకుంటుంది. బ్రేకు మాత్రం తొక్కను. బురద, గోతులు, రాళ్లు తప్ప గట్లు లేనివాళ్లకి ఇది ఐదుకి నాలుగున్నర. మాలాంటి వాళ్లకి మూడున్నర. డబ్బుంటే స్విచ్ ఉన్నదే వేయించుకోండి.

తారు రోడ్డు మీద తేడా తెలియదు. ఇసుక పడిన చోట బిగుతుగా యూటర్న్ కొడితే ఎప్పుడైనా 'టక్' మంటుంది, అంతే. అరిగిన రోడ్డు టైర్లతో తిరుగుతూ లాకర్ గురించి అడిగేవాళ్లు ముందు మట్టి టైర్లు వేయించుకోండి. జీఎల్-5 అనే గ్రేడు గేర్ ఆయిల్ పోయండి. లిమిటెడ్ స్లిప్ డిఫ్‌లకి (పూర్తిగా లాక్ అవకుండా జారుడుని తగ్గించే రకం) కలిపే ఫ్రిక్షన్ మోడిఫయర్, అంటే రాపిడి తగ్గించే మందు, దీనికి కలపొద్దు, క్లచ్ జారి లాక్ సరిగ్గా పట్టదు. ఇంకొకటి, టైరు షాపులో ఒక వెనక చక్రం జాకీ మీద లేపి ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేసే అలవాటు కొందరికుంది. ఈ బండికి అలా చెయ్యనివ్వకండి. లాక్ పడిందంటే నేల మీదున్న చక్రం తోసేస్తుంది, బండి జాకీ మీంచి దూకుతుంది.